మామయ్య రైఫిల్‌కి ఇత్తడి

ఆగస్టు 9, శనివారం

మామయ్యగారు కంటి దవాఖాన నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా బీరువా తెరిచారు. వాళ్ల నాన్న రైఫిల్ తీసి సోఫా మీద పెట్టుకుని పక్కన కూర్చున్నారు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి కన్ను కూడా అదే దారిలో ఉందట. మందులు ఆలస్యం చేస్తాయే గానీ ఆపలేవని డాక్టర్ చెప్పాడట.

నానక్‌రామ్‌గూడలో ఐటీ టవర్లు లేవకముందు పుట్టి పెరిగిన మనిషి. ఏటా దసరాకి ఆ రైఫిల్‌కి నూనె రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని మళ్లీ బీరువాలో దాస్తారు. లైసెన్స్ ఆయన పేరు మీదే ఉంది. కానీ ఒక్కసారి కూడా పేల్చలేదు. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ ముట్టుకోనివ్వలేదు, ఆయన పోయాక ఆ సైజు తూటాలు దొరకలేదు. టూ సెవెంటీ ఫైవ్. పేరు చెబితేనే షాపువాళ్లు నవ్వుతారు.

చూపు ఉండంగనే ఒక్కపారి కాల్వాలని ఉంది బిడ్డా, అన్నారు. నా వైపు చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పారు.

నేను వారం వారం క్లబ్‌లో రైఫిల్ షూటింగ్ చేస్తాను. తూటాలు నేను చేసిస్తాను మామయ్యగారూ అనేశాను. నా నోటికి బ్రేకుల్లేవు.

ఆగస్టు 10

కోచ్ రామచంద్రం గారు తిట్టలేదు. ఆశ్చర్యం. క్లబ్‌లో పేల్చేసిన థర్టీ నాట్ సిక్స్ ఖాళీ కేసులు ఓ గుప్పెడు ఇచ్చారు. కేసంటే తూటా వెనకుండే ఇత్తడి గొట్టం. దాని పొడుగు కోసి, డై అనే ఉక్కు అచ్చులో పెట్టి నొక్కి, మెడ సన్నం చేస్తే టూ సెవెంటీ ఫైవ్ ఆకారం వస్తుంది. అడుగు భాగం రెండింటికీ ఒకటే. ఖాళీ ఇత్తడి పని ఇంట్లో చేసుకోండి, తుపాకీ మందు నింపడం మాత్రం క్లబ్‌లో నా కళ్లముందే అండి, అన్నారు. ఇంకో కేసు అడగొద్దండి, ఉన్నవి ఇవే, అని కూడా అన్నారు.

రైఫిల్ గన్‌స్మిత్‌కి చూపించాలి. మామయ్యగారు తనే మోసుకొస్తారట.

ఆగస్టు 17, ఆదివారం

బాల్కనీలో కేసులు నొక్కే ప్రెస్ బిగించాను. ఇల్లు పీకి పందిరేస్తున్నవ్ అన్నాడు రవీందర్. కాఫీ మాత్రం తెచ్చి ఇచ్చాడు. మంచి మొగుడే, చప్పుడంటే భయం, అంతే.

సాయంత్రానికి మొదటి కేసు తయారైంది. ఎంత ముద్దుగా ఉందో! మామయ్యగారు వేళ్లతో తడిమి తడిమి చూశారు. అత్తయ్యగారు దాన్ని లాక్కుని దేవుడి గదిలోకి పట్టుకెళ్లారు. ఇంటికొచ్చిన కొత్త వస్తువు ముంగట దేవుని కాడ వెట్టాలె, గదేం పద్ధతి, అని నన్నే మందలించారు. వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు దాని చుట్టూ తిరిగి హారతిచ్చిన మనిషి. వాదించి లాభం లేదు.

ఆగస్టు 20

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వీక్. ఇత్తడి ముట్టలేదు.

ఆగస్టు 24, ఆదివారం

నొక్కుతుంటే రెండు కేసుల మెడలు చీలిపోయాయి. ఇత్తడిని నొక్కేకొద్దీ బిరుసెక్కుతుంది. మెడని కాల్చి మెత్తబరచాలి. అడుగు నీళ్ల గిన్నెలో ఉంచి, మెడకి మాత్రమే మంట పెట్టాను.

మామయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కుని చూశారు. మా చిన్నప్పుడు కళాయి పోసేటోడు గంగాళం మొత్తం ఎర్రగ కాల్చేటోడు, నువ్వేంది బిడ్డా గింత పిసినారి మంట పెడుతున్నవ్, అన్నారు. నవ్వాను. జవాబు చెప్పేలోపు ఆఫీస్ కాల్ వచ్చింది.

సెప్టెంబర్ 6, శనివారం

శనివారం కూడా ఆఫీసే. ఇంటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద స్టీలు పళ్లెం, పళ్లెంలో నా కేసులన్నీ ధగధగా మెరుస్తున్నాయి. పక్కన అత్తయ్య, మామయ్య పెళ్లిచూపుల్లో పిల్ల అమ్మానాన్నల్లా నిలబడ్డారు.

మామయ్యగారు ఒక్కో కేసునీ పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మీద అడుగుతో సహా ఎర్రగా కాల్చారట. అత్తయ్యగారు చింతపండు పెట్టి తోమారట. నీకు ఆఫీస్‌ల పరేషాన్ ఉన్నది గద, జర పని తేలిక చేద్దామని, అన్నారు మామయ్యగారు. బొటనవేలు కాలి బొబ్బెక్కింది. దాన్ని వెనక్కి దాచుకున్నారు.

కేసు అడుగు గట్టిగా ఉండి తీరాలి. మందు పేలినప్పుడు ఆ నిప్పుకీ మనిషి మొహానికీ అడ్డం ఉండేది అదే. అక్కడ మెత్తబడితే రైఫిల్‌లోనే చీలి కళ్లలోకి తన్నుతుంది. ఇవి ఇక దేనికీ పనికిరావు. ఒక్కటి కూడా.

చాలా బాగున్నాయి మామయ్యగారూ, అన్నాను. పిరికిదాన్ని.

సెప్టెంబర్ 7

చెప్పేశాను. ఆఫీసులో రోజంతా తప్పులు పట్టి జీతం తీసుకుంటాను, ఇంట్లో ఒక్క తప్పు చెప్పడానికి నోరు రాలేదు.

అట్లనా, అన్నారు. ఇత్తడే గద బిడ్డా, ఫికర్ చెయ్యకు, అని నన్నే ఓదార్చారు. మధ్యాహ్నం పెరుగన్నం దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. అత్తయ్యగారేమో తప్పంతా తన చింతపండుదే అని ఏడుపు. చింతపండు ఏ పాపమూ చేయలేదని చెబితే వినరే!

రామచంద్రం గారికి ఫోన్ చేశాను. లేవండి, నిజంగా లేవండి, అన్నారు.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. ఈ ముసలాయనంటే నాకింత ప్రేమ అని నాకే తెలియదు.

సెప్టెంబర్ 8

ఉదయం 9:40కి అత్తయ్యగారు దేవుడి గదిలోంచి గుప్పిట మూసుకుని వచ్చారు. విప్పితే ఆ మొదటి కేసు! పసుపు, మీద కుంకుమబొట్టు. దీన్ని కాల్వలే బిడ్డా, దేవుని ముంగట ఉన్నది ముట్టొద్దని మీ మామకు గట్టిగ చెప్పిన, అన్నారు.

ఆఫీస్ స్టాండప్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ చేయకుండానే కేక పెట్టాను. టీమంతా ఏమైందని ఒకటే మెసేజ్‌లు.

సాయంత్రం దాని మెడ కాల్చాను. ఈసారి నీళ్ల గిన్నె మామయ్యగారే పట్టుకున్నారు. అడుగు మునిగిందా, మంచిగ చూడు, అని నా ప్రాణం తీశారు.

సెప్టెంబర్ 14, ఆదివారం

రైఫిల్ నిక్షేపంలా ఉందని గన్‌స్మిత్ చెప్పాడు. కేసు రామచంద్రం గారు అటూ ఇటూ తిప్పి కొలిచి సరే అన్నారు. ఆయన ముందే మందు నింపాను.

మామయ్యగారు క్లబ్‌కి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. బల్ల మీద రైఫిల్ ఆనించి చాలాసేపు గురి చూశారు. కనపడ్తలేదు, అన్నారు. నేను వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కనపడ్డది, అన్నారు.

పేలింది.

గురి కాగితం ఒక మూల చిరిగిందంతే. ఆయన అటు చూడనే లేదు. బోల్ట్ లాగి, వేడి వేడి కేసుని అరచేతిలో వేసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. షికారుకు పోయొస్తే మా నాయిన అంగి గిదే వాసనొస్తుండె, అన్నారు. మళ్లీ వాసన చూశారు. రామచంద్రం గారు కూడా కళ్లజోడు తుడుచుకున్నారు.

అక్టోబర్ 2, దసరా

పూజ. ఎర్రగా కాలి చెడిపోయిన కేసులన్నిటినీ అత్తయ్యగారు రైఫిల్ ముందు వరసగా నిలబెట్టి అగరొత్తులు గుచ్చారు. మామయ్యగారు రైఫిల్‌కి బొట్టు పెట్టబోయి పక్కనున్న గుడ్డకి పెట్టారు.

తర్వాత జేబులోంచి ఆ ఒక్క కేసునీ తీసి నా చేతిలో పెట్టారు. దీంట్ల మళ్ల నింపొచ్చు గద బిడ్డా. ఈసారి నువ్వు కాల్చు, నేను చప్పుడు వింట, అన్నారు.