కడప కంటే ఢిల్లీయే దగ్గర

నందికొట్కూరు తాలూకా, 3-6-1955

చిరంజీవి తమ్ముడు మహానందికి అక్క ఉరుకుందమ్మ దీవించి రాయిస్తాండే జాబు. వాన తప్ప ఈడ అందరం బాగుండాము.

నా కొడుకు నరసన్న కూతురు రామేశ్వరమ్మకు రెండు సంబంధాలు వచ్చినాయి. ఒకటి కడప. బండి, బస్సు, ఆ మీదట రైళ్లు మారి పోతే ఒకటిన్నర దినం. రెండోది ఢిల్లీలో కొలువు చేసే పిల్లోడు. ఈ నెలలో ఏదో ఒకటి తేల్చాలని నరసన్న ఎగురుతాండాడు. నువ్వు మద్రాసులో విమానం టికెట్లిచ్చే ఆఫీసులో ఉండావు కదప్పా, ఆడి నుంచి ఢిల్లీ ఎంత దూరం, ఎంతసేపు పడతాది, రాయి.

తా.క.: విమానంలో వక్కాకు నమిలితే యాడ ఉమ్ముతారు?

మద్రాసు, 9-6-1955

అక్కకు మహానంది నమస్కారాలు. మద్రాసు నుంచి ఢిల్లీకి గాలిలో పదకొండు వందల మైళ్లు. మధ్యలో ఆగే సమయంతో కలిపి ఎనిమిది గంటలు.

అయితే అక్కా, ఆ టికెట్టు కొనే తాహతు వాటిని అమ్మే నాకే లేదు. రైల్లో అయితే మీ ఊరి నుంచి ఢిల్లీకి మూడు రోజులు.

ఇట్లు,
తమ్ముడు మహానంది

తా.క.: వాంతికని ఒక సంచి ఇస్తారు. అందులో ఉమ్మాలి. కిటికీ తెరుచుకోదు.

నందికొట్కూరు తాలూకా, 16-6-1955

తమ్ముడికి అక్క దీవెనలు. ఎనిమిది గంటలే అంటే కడప కంటే ఢిల్లీయే దగ్గర. ఆ మాటే కడపోళ్లకు చెప్పి పంపిస్తిమి. "మీరు శానా దూరమప్పా, మాకు ఢిల్లీ అందుబాటులో ఉండాది" అంటే వాళ్లకు కోపమొచ్చింది. రానీ. పొద్దున సద్ది తాగి ఎక్కితే మాపటికి పిల్ల ఇంట్లో సంగటి తింటా. వాకిలి పక్కన నాకొక సీటు రాసిపెట్టు.

మీ అక్క

తా.క.: విమానం మా నెత్తి మీదనే పోతాదంట. మా చేనికాడ ఒక్క నిమిషం నిలపమను, ఎక్కి కూచుంటా.

మద్రాసు, 22-6-1955

అక్కకు నమస్కారం. నా జాబు నీకు ఎవరు చదివిపెట్టారు? మూడు రోజుల సంగతి వినలేదా? విమానం చేలో ఆగదు. ఎక్కాలంటే మద్రాసు రావాలి. మద్రాసు రైలు కడప మీదుగానే వస్తుంది. నువ్వు కోపం తెప్పించినవాళ్ల ఊరి స్టేషన్లో తీరిగ్గా ఆగుతుంది కూడా.

తమ్ముడు

తా.క.: నీ జాబును మా ఆఫీసులో అరవంలో చెప్పించుకుని విన్నారు. ఆ చేలో జొన్న వేశారా, శనగ వేశారా అని పైలట్టు అడిగాడు.

నందికొట్కూరు తాలూకా, 30-6-1955

మహానంది తాతకు రామేశ్వరమ్మ నమస్కరించి రాసేది. అవ్వకు మీ ఉత్తరాలు చదివింది నేనే. మొదటిదాన్ని ఎనిమిది గంటల దాకా చదివి మడిచేశాను. కడప సంబంధం పోయింది. రెండోది అక్షరం వదలకుండా చదివాను. అవ్వ నాన్నను పిలిచి, "కడప దాటి మద్రాసు, మద్రాసు దాటి ఢిల్లీనా? పిల్లను అంత దూరం ఇయ్యనురా" అంది. ఢిల్లీ కూడా పోయింది.

కర్నూలు టీచరు ట్రైనింగులో నాకు సీటు వచ్చి నెలయింది. భయంతో కాగితం దాచాను. నిన్న చూపిస్తే, "కర్నూలయితే బస్సెక్కి దిగడమే" అని అవ్వే నాన్నను ఒప్పించింది. సోమవారం చేరుతున్నాను. అవ్వను మోసం చేశానని మనసులో గుచ్చుకుంటోంది. ఆమెకు మాత్రం చెప్పకండి.

మీ మనవరాలు

తా.క.: ఇది ఉరుకుందమ్మ చెప్పగా పోస్టుమాన్ రసూల్ సాహెబ్ రాసింది. పిల్ల కవరు అంటించకుండా ఆయన చేతికిచ్చింది. తమ్ముడూ, నీ మొదటి జాబు సాహెబు వాకిట్లోనే నాకు అంతా చదివినాడు. మళ్లా పిల్ల చేతికిస్తే అంత జాబునూ రెండు మాటల్లో చదివింది. ట్రైనింగు కాగితం తెచ్చిందీ, ఆ సంగతి నాకు చెప్పిందీ గూడా సాహెబే గదా, పిల్ల ఎందుకట్లా చదివిందో అప్పుడే నాకు అర్థమాయ. నరసన్నకు చెప్పే సాకు యాడ తేవాలా అనుకుంటాంటే నీ విమానం దొరికింది. పిల్లకు చెప్పొద్దు. రేపు పంతులమ్మ అయ్యేది, తనకే అన్నీ తెలుసనుకోనీ.