మాత్రలు మాన్పించిన అన్నయ్యకి

నాంపల్లి,
ఆదివారం.

అన్నయ్యకి సుభద్ర నమస్కారాలు.

నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసా అని అలవాటుగా రాయబోయి ఆగాను. నేను కులాసాగా లేను. దానికి కారణం నువ్వే. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

పోయిన నెల వచ్చినప్పుడు నా ముఖం చూసి ఏమన్నావు? "హైదరాబాదు నీళ్ళు బాగా పడ్డాయే, ఒళ్ళు చేశావు. ఇంకా ఈ మందులెందుకే?" అన్నావు. అది ఒళ్ళు కాదన్నయ్యా, మాత్రల వల్ల వచ్చిన వాపు. ఆ మాత్రలే నన్ను నిలబెడుతున్నాయంటే విన్నావా? కళ్ళు పచ్చబడితే కామెర్లేనన్నావు. ఊరి నుంచి తెచ్చిన పసరు పరగడుపున తాగించావు. రెండూ కలిస్తే విషమని, మాత్రలు ముట్టనని ఒట్టు వేయించుకున్నావు. నాన్న పోయాక నన్ను పెంచినవాడివి, నీ మాట ఎలా తీసేస్తాను?

నువ్వు రైలెక్కిన వారానికి ఆబిడ్స్‌లో మా ఆఫీసు మెట్ల మీదే కూలబడ్డాను. రిక్షాలో దవాఖానకు చేర్చారు. రక్తం ఎక్కిద్దామంటే ఏ సీసా రక్తమూ నాకు సరిపడలేదు. డాక్టరుగారు ఈ ఊరివారే, ఎప్పుడూ గొంతెత్తరు. ఆ రోజు మా ఆయన ముందే కేకలేశారు.

"ఏందమ్మా, గోలీలు ఎవరు బంద్ చేయించిన్రు? నీది కామెర్ల బీమారి కాదు, నీ రక్తాన్ని నీ ఒళ్లే తింటున్నదని చెప్పిన గదా! గిట్లా ఒక్కసారే ఆపితే పానం పోతది!"

"నేనే మరిచిపోయానండీ" అన్నాను. నీ పేరు చెబితే మా ఆయన నిన్ను మళ్ళీ గడప తొక్కనివ్వరు.

ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ మాత్రలు మింగిస్తున్నారు. ముఖం ఇంకా ఉబ్బింది. మళ్ళీ రక్తం పడిపోతే కడుపు కోసి, ఆ రక్తాన్ని తినేస్తున్న ప్లీహం తీసేయాలట. బయట ఒకటే ముసురు. ఆఫీసుకు సెలవు పెట్టి, ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకుని ఉంటే, నిన్న నీ కార్డు వచ్చింది. అమావాస్యకి రెండో విడత పసరుతో వస్తున్నావట! చదివి చింపేశాను. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను అన్నయ్యా. ఇక చుక్క కూడా తాగను.

నువ్వు మాత్రం రా. నిన్ను చూడాలని ఉంది. కానీ చేతిలో పసరు సీసా కనిపించిందా, డాక్టరుగారు అడిగిన దానికి జవాబు మా ఆయన ముందే చెబుతాను.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. వదినవి పాత రవికలు రెండు తీసుకురా. నావేవీ పట్టడం లేదు.

నీ దీవెన కోరే, ఇంకా కోపం తీరని చెల్లెలు,
సుభద్ర.