మేకుకి తగిలించిన ముఖం

భావనపాడు పక్కన మన పేట,
ఆదివారం.

బావా,

ఇక్కడ అత్త, నేను, రాణి ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, వినోదూ, మీరెక్కిన బోటూ చల్లగా ఉన్నారని గంగమ్మ తల్లిని నమ్ముకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. గురువారం జోగయ్య చిన్నాన్న పలాసలో రైలెక్కి గుజరాత్‌కి, మీ వెరావల్ రేవుకే వస్తున్నాడు. ఇది ఆయన చేతికే ఇస్తాను. నీ ఫోను సముద్రంలో పడిపోయిందని అత్త చాలా బాధపడింది గానీ, నాకు మాత్రం ఒక రకంగా మంచిదే అనిపించింది. వినోద్ ఫోనుకి చేస్తే అక్కడ బోటంతా వింటుంది, ఇక్కడ స్పీకరు పెట్టమని పేటంతా వచ్చి కూర్చుంటుంది. నేను చెప్పాల్సింది అలా చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్త మోకాలు ఫరవాలేదు, నూనె రాస్తున్నాను, తిట్లు తింటున్నాను. రాణికి ముందు పన్ను ఊడింది. ఊడిన పన్ను నువ్వు వచ్చేదాకా దాచమని ఏడిస్తే అగ్గిపెట్టెలో పెట్టాను. చావిట్లో వల ఎలుకలు కొట్టలేదు, వేపాకు వేసి మూట కట్టాను. జోగయ్య చిన్నాన్న చేతికి ఎండు నెత్తళ్ళు పంపుతున్నాను. వినోద్‌కి కూడా పెట్టు, ఒక్కడివే తినకు.

ఇక రంగుల సంగతి. "నీ బొమ్మల పిచ్చి ఎంతవరకు వచ్చింది" అని రాశావు కదా. పిచ్చి బాగా ముదిరింది, బొమ్మే ఇంకా ముదరలేదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు అని నువ్వే అన్నావు. చూస్తున్నాను. చూసిన కొద్దీ ఉన్న తెలివి కూడా పోతోంది. ఒకామె మంచి కాగితం లేకపోతే అసలు కుంచె ముట్టుకోవద్దంటుంది. ఇంకొకాయన పాత అట్టముక్క మీదైనా వెయ్యి, ఏం పర్లేదంటాడు. ఒకరు నీళ్ళ రంగులతో మొదలుపెట్టాలంటారు, ఇంకొకరు నీళ్ళ రంగులు అందరికంటే కష్టం, అక్రిలిక్కే మేలంటారు. ఒక దొరసాని నలుపు రంగు పెట్టెలోంచి తీసి పారెయ్యమని చెప్పింది. నలుపు లేకుండా మన పేట మనుషుల్ని ఎలా వేస్తారో ఆమె ఒకసారి వచ్చి చూపించాలి.

అందరూ చెప్పినవన్నీ ఒక చీటీ మీద రాసుకుని టెక్కలి వెళ్ళాను. అక్కడ అడిగితే ఇంటి సున్నాల కొట్టు చూపించారు. అక్కడ్నించి బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి గణపతిరావు గారి పుస్తకాల కొట్లో అడిగాను. ఆయన చీటీ చదివి, పాపది ఏ తరగతి, రికార్డు ఎప్పుడివ్వాలి అన్నాడు. పాపకి కాదండీ, నాకే అన్నాను. అద్దాలు సర్దుకుని నన్ను ఇంకోసారి చూశాడు. నీళ్ళ రంగులకి వాడే కోల్డ్ ప్రెస్ కాగితం కావాలంటే, ప్రెస్సు పని మా దగ్గర చెయ్యరమ్మా, పెళ్ళికార్డులు అటు పక్క సందులో అచ్చేస్తారు అన్నాడు. చివరికి ఆయన దగ్గర ఉన్నవే నాకు కావాల్సినవి అయ్యాయి. నీళ్ళ రంగులు, అక్రిలిక్ రెండూ తెచ్చాను, ఏది మంచిదో తేలక. కాగితం మీద తడి పెట్టగానే నూనెలో వేసిన అప్పడంలా లేచిపోయింది.

బొమ్మల కోసం వెతికితే ఫోను ఒకటి అడిగితే వంద చూపిస్తుంది. పడవ అని నొక్కాను, వంద పడవలు వచ్చాయి. ఒక్కటీ మన తెప్పలా లేదు. అన్నీ తెల్లగా, ఎవరూ ఎక్కనట్టు ఉన్నాయి. సరే అని మంచు కొండలు చూసి మంచు కొండలే వేశాను. అత్త వచ్చి చాలాసేపు చూసి, "ఇదేటే, నౌపడ ఉప్పు కుప్పలా?" అంది. అవును అత్తా అన్నాను. శ్రీకాకుళం దాటి నేను చూసినదేముందని కొండలని వాదిస్తాను.

ఇప్పుడు అసలు సంగతి దగ్గరికి వస్తున్నాను. నువ్వు ఉత్తరంలో ఆఖర్న రాసిన నాలుగు ముక్కలు నేను ఎన్నిసార్లు చదివానో తెలియదు. నాన్న బొమ్మ నువ్వు వేశావట, అచ్చం నాన్నేనట, వినోద్ వాళ్ళావిడ ఫోనులో చెప్పింది, దాని ఫోటో తీయించి పంపు, బోటులో నా పడక మీద పెట్టుకుంటాను అన్నావు. నాన్న ముక్కు నా ముక్కేనా అని కూడా అడిగావు. అది చదివిన దగ్గర్నించి నాకు అన్నం సయించడం లేదు బావా.

అది ఎలా మొదలైందో చెబుతాను. మావ సముద్రం మీదకి వేటకెళ్ళి తిరిగి రానప్పుడు నీకు ఊహే తెలియదు. ఉన్న ఒక్క ఫోటో తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు అద్దానికి అతుక్కుపోయి తెల్లబడిపోయిందని నీకూ తెలుసు. అప్పట్నించీ పెద్దలకి పెట్టుకునే రోజున అత్త ఒక ముంతకి పసుపు రాసి, దాన్నే మావ అనుకుని బట్టలు పెడుతోంది. ఈసారి పక్కింటి లక్ష్మణమ్మ తన పెనిమిటి ఫోటోకి కొత్త ఫ్రేము కట్టించి తెచ్చింది. ఆ సాయంత్రం నేను రంగులు కలుపుకుంటుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"అందరి గోడల మీదా మొగుళ్ళున్నారు. నా గోడకి మేకే ఉన్నాది. నీకు బొమ్మలొచ్చు గదా, మీ మావని ఎయ్యే" అంది.

అత్త నన్ను ఏదీ అడగదు. అడిగిన ఒక్కటీ కాదనలేకపోయాను. మావ ఎలా ఉండేవాడో చెప్పమన్నాను. పెద్ద మనిషంది. నలుపంది. ముక్కు ఎలా ఉండేదంటే, "ముక్కు ముక్కులాగుంటాది, ఇంకెలగుంటాదే" అంది. కళ్ళు అడిగితే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. లక్ష్మణమ్మనడిగితే కోల ముఖమంది, జోగయ్య చిన్నాన్న గుండ్రటి ముఖమన్నాడు. మీసం ఉందని ఒకరు, లేదని ఒకరు. వాళ్ళందరూ చెప్పినట్టు వేస్తే ఒక్క మనిషి కాడు, ఊరేగింపు అవుతుంది.

అప్పుడు ఫోనులో జాలరి ముఖం అని ఇంగ్లీషులో కొట్టి వెతికాను. లోకంలో జాలర్లందరూ తెల్ల గడ్డాల ముసలివాళ్ళే అని ఫోను నమ్మకం. కిందికి, ఇంకా కిందికి వెళ్తే ఒకతను కనపడ్డాడు. నడివయసు, దట్టమైన మీసం, ఎండకి కళ్ళు చిట్లించి నీళ్ళవైపు చూస్తున్నాడు. ఎవరో, ఏ దేశమో తెలియదు. ఆ చూపు మాత్రం మన పేటలో ప్రతి మగవాడి దగ్గరా చూశాను. అతన్నే వేశాను బావా. ఉన్ని టోపీ తీసి తలగుడ్డ చుట్టాను. ఎర్రటి మనిషిని నల్లగా చేశాను. కొట్లో ఒళ్ళు రంగు అని అమ్మిన గొట్టం గులాబీ రంగులో ఉంటే దాన్ని పక్కన పడేసి, ఇటిక రంగులో నలుపూ నీలమూ కలుపుకున్నాను. నేను వేసినవాటిలో మొదటిసారి మనిషిలా వచ్చిన మనిషి అతనే. ఆ సంబరంలో, ఎవరిని వేస్తున్నానో మర్చిపోయాను.

ముందు ఇది ఊరికే నమూనా అని చెప్దామనుకున్నాను. అత్త ఆ అట్టని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.  కొంగుతో మేకు తుడిచి, తగిలించమంది. ఈలోగా లక్ష్మణమ్మ వచ్చి, అచ్చం మీ మావ కూర్మయ్యే అని దణ్ణం పెట్టింది. ఆ వెనక పేటంతా వచ్చి దణ్ణం పెట్టింది. రాణి తాతా అని పిలిచి తన బిస్కెట్టు ముక్క ముందు పెట్టింది. అంతమంది దణ్ణాలు పెడుతుంటే మధ్యలో లేచి, ఇతను మావ కాదు అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు అత్త దండ గుచ్చి వేసింది. దానితో నా నిద్ర పోయింది. బతికున్న మనిషి బొమ్మకి దండ వేస్తే ఆయుష్షు తరుగుతుందంటారు కదా. ఆ ఫోటోలో మనిషి ఉన్నాడో పోయాడో నాకేం తెలుసు? మళ్ళీ ఫోనులో వెతికాను. ఒకచోట అతన్ది పోర్చుగల్ అన్నారు. ఇంకోచోట టర్కీ అన్నారు. మరోచోట అసలు జాలరే కాదు, డబ్బులిస్తే ఏ వేషమైనా వేసుకుని ఫోటో దిగే మనిషట. ఎక్కడ వెతికినా ఉన్నాడా లేడా అని మాత్రం ఎవరూ రాయలేదు. అతనికి పెళ్ళాం ఉంటుంది, నాలాంటి కోడలు ఉంటుంది. వాళ్ళు అన్నం పెట్టి పిలుస్తుంటే, ఇక్కడ మేము దండేసి కూర్చున్నాం. ఇది చాలదన్నట్టు నీ ఉత్తరం వచ్చింది. ఎవరో తెలియని మనిషిని నువ్వు నాన్న అనుకుని, నడిసముద్రంలో తల పక్కన పెట్టుకుని పడుకుంటావని తలచుకుంటే ఇక దాచలేకపోయాను.

నిన్న మధ్యాహ్నం అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఫోనులో ఆ ఫోటో కూడా చూపించాను. కొడుతుందనుకున్నాను. అత్త ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి నాకు ఇచ్చేసింది.

"మీ మావ గాదని ఆ రోజే తెల్సు నాకు" అంది.

మరి ఎందుకు తగిలించమన్నావు అత్తా అని అడిగాను.  నేతచీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మీ మావ మొకం నాకు గుర్తు నేదే. సేతులు గుర్తున్నాయి. దగ్గు గుర్తున్నాది. ఇసకలో నడిసొస్తే ఇంటికాడ తెల్సిపోయేది నాకు. మొకమే రాదు. కళ్ళు మూసుకుంటే నా కొడుకు ధనరాజు మొకమొచ్చి అడ్డుకుంటాది. కట్టుకున్నోడి మొకం మర్సిపోనానని ఏ మొకం పెట్టుకుని ఎవులికి సెప్పను? లక్ష్మణమ్మ ఇతనే అంది. దానికైనా గుర్తుందేమోలే అనుకున్నాను."

 తప్పు నాదైతే ఏడుపు అత్తకొచ్చింది. కాసేపటికి తనే లేచి దండ తీసేసింది. బొమ్మ ముందు దీపం కూడా కొండెక్కించమంటావా అన్నాను. వద్దంది. "దీపం బతికున్నోలకీ ఎడతాం. ఆడెవులో, ఆడూ నీళ్ళమీద తిరిగేవోడే గావాల. ఉండనీ" అంది. అందుకని అతను ఇంకా మన గోడ మీదే ఉన్నాడు, దండ లేకుండా. రాణి తాతా అనే పిలుస్తోంది. 

ధనరాజుకి చెప్పేయి, ఫోనులో కాదు, రాసేయి అని అత్తే అంది. అందుకే జోగయ్య చిన్నాన్న దగ్గర బొమ్మ ఫోటో ఉండదు, ఈ ఉత్తరమే ఉంటుంది. అత్త మీద కోపం తెచ్చుకోవడానికి ఆమె తప్పేం లేదు, ఉన్నదంతా నా మీదే తెచ్చుకో.

ముక్కు సంగతి అడిగావు కదా. ముక్కు సంగతి అత్తకి తెలియదట. కానీ ఒకటి చెప్పింది. నువ్వు పుట్టినప్పుడు మావ నిన్ను ఎత్తుకుని నీ చెవులు పట్టుకుని నవ్వాడట. "నా సెవులే ఎట్టుకొచ్చీసినాడు దొంగ" అన్నాడట. ఆ మాట మాత్రం అత్త నిన్న విన్నంత తేటగా చెప్పింది. నాన్నది ఏదైనా కావాలంటే నీ చెవులు తడిమి చూసుకో బావా. మిగతా ముఖం ఎవరికీ తెలియదు.

ఇంకొక్కటి ఉంది. ఇది అత్తకి కూడా చెప్పలేదు. రాత్రి అత్త పడుకున్నాక, ఆ చెవులు పెట్టి మావని వేద్దామని, ముందు నీ ముఖం గీసుకుందామని కూర్చున్నాను. నీ ముఖం నాకు రాలేదు. మీసం వచ్చింది, నవ్వితే పక్కకి పోయే పెదవి వచ్చింది, ముఖం కూడలేదు. ఫోనులో చూద్దామంటే ఉన్న ఫోటోలన్నిట్లో నల్లద్దాలు, తలగుడ్డ, లేకపోతే వినోద్ ఫోనులో సరదాకి అంటించిన కుక్క చెవులు. వీడియో కాల్లో చూసిన ముఖం ముక్కలు ముక్కలుగా ఆగిపోయిన ముఖమే. నువ్వెళ్ళి ఏడాది కూడా కాలేదు, నేను అప్పుడే అత్తనైపోతున్నానా అని చాలా భయమేసింది. నన్ను తప్పుగా అనుకోకు.

అందుకని ఒక పని చెయ్యి. ఒడ్డుకి రాగానే వినోద్ ఫోనులో ఫోటో తీయించుకుని పంపు. తలగుడ్డ తీసెయ్యి, అద్దాలు తీసెయ్యి. పొద్దుటి ఎండలో, వెలుగు ఒక చెంప మీద పడేలా నిలబడాలని వీడియోల్లో అందరూ చెబుతారు, ఈ ఒక్క మాట దగ్గరే వాళ్ళందరికీ పొత్తు కుదిరింది. ఒకటి ఎదురుగా, ఒకటి చెవి కనపడేలా పక్కకి తిరిగి. నవ్వకు, నవ్వితే నాకు గీయడం రాదు. మంచి కాగితం గణపతిరావు గారు విశాఖ నుంచి తెప్పిస్తానన్నాడు.

ఆ బొమ్మ కోసం మాత్రం గోడకి మేకు కొట్టను. పుస్తకం మధ్యలోనే పెట్టుకుంటాను. నువ్వు వచ్చి పక్కన నిలబడితే, ఏది కుదిరిందో ఏది కుదరలేదో చూసుకుని దిద్దుకుంటాను.

ఇట్లు,
నీ కోసం దీపం పెట్టి చూస్తున్న
నీ మరదలు
యమున