నలభై ఒకటో పేరు

మంగళవారం, పదకొండో తేదీ
ఉదయం

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నువ్వూ, పొడుగోడూ, వాడి భార్యా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ నా మోకాలూ ఒకరినొకరం ఓర్చుకుంటూ నెట్టుకొస్తున్నాం.

నీ ఉత్తరం అందింది. ఆదివారం నాకు జరిగే శాంతి సన్మానానికి వస్తానని, అందుకోసం కొత్త చెప్పులు కూడా కొన్నానని రాశావు. ప్రెస్సులో సిరా చేతులతో తిరిగినవాడు ఇంతవాడయ్యాడా అని ముందు వరసలో కూర్చుని నవ్వుకుంటానన్నావు. ఆ మాట చదివి తలెత్తుకోలేకపోయాను. నువ్వు బయలుదేరేలోగా నీకొక సంగతి తెలియాలి. నా నోట్లోంచి మాట రావాలంటే గిలక కట్టి చేదాలని ఎప్పుడూ దెప్పేదానివి. ఇరవై రెండేళ్లుగా రాని మాట ఇది.

ఆదివారం సభలో నా జీవితం మీద రాసిన పుస్తకం విడుదల చేస్తారు. రాసినాయన విలేకరి, మంచివాడే. స్వాతంత్ర్యం కోసం దొంగచాటుగా కరపత్రాలు అచ్చువేసిన రోజులు, వాటిని నువ్వు పిండి డబ్బాలో దాచి, సోదాకి వచ్చిన పోలీసులకు మంచినీళ్లిచ్చి పంపిన సంగతి, స్వాతంత్ర్యం వచ్చాక మనుషులు చాలక బడి మొహం సరిగ్గా చూడని నన్ను విదేశాంగ శాఖలోకి తీసుకోవడం, నేను కూర్చున్న శాంతి చర్చలు, అన్నీ ఉన్నాయి. వాటిలో అబద్ధం లేదు. కానీ ఖైదీల మార్పిడి గురించి ఒక అధ్యాయం ఉంది. దాన్ని నువ్వు జనంలో కూర్చుని వినకూడదు.

యుద్ధం ఆగాక ఖైదీలను విడిపించే చర్చలకు నన్ను పంపారు, నీకు తెలుసు. ఓడలో వైర్‌లెస్ ఆపరేటరుగా వెళ్లి అవతలి దేశం వాళ్లకు చిక్కిన మన పొడుగోడు కూడా వాళ్ల జైల్లోనే ఉన్నాడు. వాణ్ణి వదలడానికి వాళ్లు ఒప్పుకోలేదని నీకూ బావకూ చెప్పాను. అది అబద్ధం అక్కా. వాళ్లు ఒప్పుకున్నారు.

పదకొండు రోజులు ఒక హోటల్ భోజనాల గదిలో, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. అవతలి పక్షం నాయకుడు లావుపాటి మనిషి, సరదా మనిషి. మీ వైర్‌లెస్ వాడి కాళ్లు మంచం దాటి వరండాలోకొస్తున్నాయి, మా కాపలావాడు రోజూ తట్టుకుని పడుతున్నాడు, మీకు పుణ్యముంటుంది, తీసుకుపోండి బాబూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు నా మేనల్లుడని ఆయనకు తెలియదు. మావాళ్లకు తెలుసు.

ఆ మధ్యాహ్నం టీ దగ్గర మా పక్షంలోని ఒక అధికారి, పెద్ద చదువులు చదివినవాడు, పక్కనున్నాయనతో అన్నది నా చెవిన పడింది. పెద్దాయనకేమండీ, ఊరి పనీ అయింది, సొంత పనీ అయింది, అచ్చక్షరాలు పేర్చిన చెయ్యి కదా, పేర్లు కూడా బాగానే పేర్చింది అని. ఆయన కిసుక్కున నవ్వాడు.

చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇరవై ఏళ్లు నిఘంటువు పక్కన పెట్టుకుని భాష నేర్చుకుంటూ, ఒక్క మాట పడకుండా పనిచేశానని నా గర్వం. గదికి వెళ్లి తలుపు వేసుకుని, విడుదల జాబితాలోంచి వాడి పేరు నా కలంతో కొట్టేశాను. ఏ రోజు సంగతి ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు కదా. ఆనాటి పేజీలో ‘వాన. జాబితా పూర్తయింది’ అని మాత్రమే ఉంది.

వాడు ఇంకో ఐదేళ్లు అక్కడే ఉన్నాడు. మూడో ఏడు బావ పోయాడు. చివరి రోజుల్లో గేటు చప్పుడైతే చాలు, వాడేనేమో చూడవే అని నిన్ను పంపేవాడట. ఆ మాట నువ్వు చెబుతుంటే, నువ్విచ్చిన కాఫీ తాగుతూ విన్నాను. ఆఖరి గుక్కదాకా తాగాను.

పుస్తకంలో దీన్ని త్యాగమని రాశారు. సొంత మేనల్లుణ్ణి ఆపి, వాడి చోట ఇంకో తల్లి కొడుకుని విడిపించానట. విలేకరికి అలా చెప్పింది నేనే. ఆదివారం నిన్ను కూడా వేదిక మీదికి పిలిచి, ఆ త్యాగంలో పాలు పంచుకున్న తల్లి అని పూలగుత్తి ఇవ్వాలనుకుంటున్నారు. ఏమీ తెలియకుండా నువ్వది అందుకుంటే నేను చూడలేను.

ఈ ఉత్తరం గురువారానికి నీకు చేరుతుంది. రావడం మానుకుంటే నిన్నొక్క మాట అనను. పొడుగోడికి నువ్వే చెబుతావో, నన్ను వచ్చి చెప్పమంటావో రాయి. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

నీ తమ్ముడు

తా.క. పైన ఇంకొక అబద్ధం మిగిలిపోయింది. వాడి చోట ఎవరూ రాలేదు. ఒప్పందం ప్రకారం జాబితాలోంచి పేరు తీసెయ్యడానికి నా సంతకం చాలు. కొత్త పేరు చేర్చాలంటే రెండు ప్రభుత్వాలూ మళ్లీ ఒప్పుకోవాలి, ఆ గడువు ముందురోజే దాటిపోయింది. అది తెలిసే కొట్టేశాను. నలభై ఒక్కమందికి ఒప్పుకున్నారు, నలభైమంది వచ్చారు. సరిహద్దు నుంచి వాళ్లను తెచ్చిన బస్సులో ఒక సీటు ఖాళీగా మిగిలింది. దారి పొడుగునా దాని మీద నా కాగితాల పెట్టె పెట్టుకుని వచ్చాను.