త్రిభుజానికి పేర్లు మార్చాను

బందరు, శుక్రవారం రాత్రి

సోమవారం కాలేజీలో లెక్కల పరీక్ష. తప్పితే నా దగ్గర లెక్కలు చెప్పించుకుంటున్న సుభద్రను ఇంటరు క్లాసులోంచి తీసేస్తారు, వాళ్ళ నాన్నగారు తమ ఊరు అవనిగడ్డ తీసుకుపోతారు. ఆయన ఈ సాయంత్రం మా అరుగు మీదే కూర్చున్నారు.

సుభద్రను త్రిభుజం మీద సిద్ధాంతం అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "చూశారా అమ్మా, ఒక్క ముక్క పోదు!" అని ఆయన మురిసిపోయారు. నాకే ఏదో అనుమానం. పలక మీద అదే త్రిభుజం గీసి, ఏ బీ సీ బదులు పీ క్యూ ఆర్ అని పెట్టాను. పిల్ల గబగబా పుస్తకం తిరగేసింది.

"ఇది మా పుస్తకంలో లేదండీ."

"అదే త్రిభుజం సుభద్రా, పేర్లే మార్చాను."

"ఎందుకు మార్చారండీ? పాపం, అదేం చేసింది?"

నవ్వాను గానీ భయమేసింది. స్కూల్లో అన్నేళ్ళూ దీనికి నేర్పింది కంఠతా పట్టడమే. ఈ రెండు రోజుల్లో అర్థం చేసుకోవడం నేర్పగలనా? సోమవారం పుస్తకంలో ఉన్నట్టే ఇస్తే, కంఠతా వచ్చినదాంతోనే గట్టెక్కుతుంది. నేను కదిలించాక అదీ మరిచిపోతే?

రేపు పుస్తకం లేకుండా రమ్మన్నాను. "సరేనండీ" అంది, పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని. దానికున్న ఒక్క ఆధారాన్నీ నేనే లాగేస్తున్నానేమో...