రెండు ఎత్తుల వంటగట్టు

2020 అక్టోబర్ 4, ఆదివారం

తేల్చుకున్నాను. వంటగట్టు కోయిస్తాను.

మొత్తం కాదు. కిటికీ పక్కన, గ్యాస్ పొయ్యి ఉన్న ముక్క వరకే. దాన్ని విడదీసి కిందికి దింపాలి. కింద అడ్డుబండలేవీ లేకుండా ఖాళీగా ఉంచాలి — నా చక్రాల కుర్చీ మోకాళ్ళతో సహా లోపలికి దూరేలా. కూర్చునే వండుతాను!

ఇంట్లో ఇంకా చెప్పలేదు. పొద్దుటి నుంచి ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను.

అక్టోబర్ 5

చెప్పేశాను.

ముందు అత్తమ్మ — "నా చేతి వంట సయిస్తలేదా నీకు?"

సయించక కాదు. లాక్‌డౌన్‌కు ముందు నేను బాత్రూంలో జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఈ ఇంట్లో వండుతున్నది ఆమే. ఒక కాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది, రెండోది ఇట్లా. నిలబడొద్దన్నారు డాక్టరు. కానీ నా చేతులకేమైంది? హాల్లో కూర్చుని పోపు వాసన పీల్చడం, అన్నం అడుగంటుతుంటే ఇక్కడి నుంచి అరవడం... ఇదా నా పని?

మా ఆయన — "చెక్క అనుకున్నవా సుజాతా? గ్రానైటది. కోస్తే పగుల్తది."

ఆ బండంటే ఆయనకు ప్రాణం. మిల్లు పనికి వలస వచ్చి కామ్‌రేజ్‌లో ఈ ఫ్లాటు కొన్నప్పుడు గోడౌన్లో ఒక్కో పలకనూ వేళ్ళతో కొట్టి, చెవి పెట్టి విని, ఏరి తెచ్చాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే నల్లరాయి, ఎక్కడా అతుకు లేదు. చుట్టాలు వస్తే ముందు వంటింట్లోకే తీసుకుపోతాడు.

అక్టోబర్ 7

ఇద్దరూ ఆ మాటే ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు. ఉపాయం ఒకటి తట్టింది...

అక్టోబర్ 8

పారింది!

జోల్వా మిల్లులో రాత్రి పాళీ దిగి మా ఆయన పొద్దున్నే వచ్చాడు. నేను వంటింటి గుమ్మంలో స్టూలు మీదికి మారి, నా కుర్చీ చూపించాను. "కూసో. లేవకుండ పప్పుకు పోపు పెట్టు."

నవ్వుతూ కూర్చున్నాడు. గట్టు అంచు ఛాతీ దగ్గరికి వచ్చింది. మూకుట్లో ఏముందో కనిపించక మెడ సాచాడు — ఆవాలు చిటపటా లేచి గడ్డం మీద. కరివేపాకు అందలేదు. పప్పుగిన్నె ఎత్తి వంచబోతే సగం బండ మీదే ఒలికింది.

ముఖం కడుక్కుని వచ్చాడు.

"పడకముందు ఎట్ల వండినవ్ మరి?"

"ఒక చెయ్యి బండ మీదేసి నిలబడి. ఇప్పుడు గట్ల గూడ అయితలేదు."

"...మిస్త్రీని అడుగుత."

అడుగుతాడట! అడుగుతాడట!

అక్టోబర్ 10

ఎంత దింపాలి? మిస్త్రీ అడిగితే చెప్పాలి కదా. రెండు బియ్యం డబ్బాల మీద పలక పెట్టి దాని ముందు కూర్చున్నాను. ఉల్లిగడ్డలు తరిగాను. భుజాలు లేచిపోతున్నాయి — ఎత్తు ఎక్కువ. డబ్బాలు మార్చాను. ఇప్పుడు తొడలు పలకకు తగులుతున్నాయి. డబ్బాల కింద ఒక్కో ఇటుక పెట్టించాను... ఆ! మోచెయ్యి హాయిగా వంగుతోంది, మోకాళ్ళు లోపల. గోడ మీద పెన్సిలుతో గీత గీశాను.

ఇంట్లో ఉన్న ఉల్లిగడ్డలన్నీ తరిగేశానని అత్తమ్మ కోపం. రాత్రికి ఉల్లిగడ్డ కారం, రేపటికీ అదే.

అక్టోబర్ 12

మిస్త్రీ హీరాలాల్ వచ్చాడు. రాజస్థాన్ మనిషి. మాస్కు గడ్డం కింద. "కిత్‌నా నీచే?" అని, ఎంత దింపాలో మా ఆయన్ని అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది గీత వైపు చెయ్యి చూపించాను.

మిస్త్రీ నేల మీద గొంతుక్కూర్చుని నన్ను కుర్చీ జరపమన్నాడు. చక్రాలు, కాళ్ళు పెట్టే పలక, అన్నీ టేపుతో కొలుచుకున్నాడు. అవుతుందన్నాడు. ఒక్కటే భయం, సింకు కోసం రాయికి చేసిన రంధ్రం దగ్గర. అక్కడ ముందు వైపు మిగిలింది సన్నటి పట్టీ. ఇటు కదిలిస్తే అటు పగలొచ్చు.

"పగిలితే?" అన్నాడు మా ఆయన.

మిస్త్రీ టేపు చుట్టేసుకున్నాడు. ఆదివారం ముహూర్తం. సద్దుల బతుకమ్మకు ముందే అయిపోవాలని నేను షరతు పెట్టాను.

అక్టోబర్ 16

పొయ్యి హాల్లోకి వచ్చింది. అత్తమ్మ దాన్ని బల్ల మీద పెట్టి వండుతోంది. నాతో ముక్తసరిగా... "తిను." "నీళ్ళు కావాల్నా?" అంతే.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ, నన్ను చూడకుండానే అంది — "ఇంట్ల దారం కండెలు చుట్టే పనుండె. ఈ కరోనాతోని గా పని పాయె. ఇగ వంట గూడ పాయెనాయె. నేనేం జెయ్యాలె బిడ్డా, గోడలు చూసుకుంట కూసోవాల్నా?"

నేను హాల్లో కూర్చుని ఏం చూశానో, ఈ ఎనిమిది నెలలు, అదే తనకు వస్తుందని ఆమె భయం. ఆ మాట నాకు తట్టనే లేదు.

అయినా మిస్త్రీని వద్దనలేను.

అక్టోబర్ 18, ఆదివారం

ఏం రోజు!

పొద్దున్నే కటింగ్ మెషిన్ మొదలైంది. మా ఆయన చెంబుతో బ్లేడు మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. బూడిద రంగు బురద గోడల మీద, కిటికీ మీద, ఆయన కనుబొమ్మల మీద. కింది ఫ్లాట్ గుజరాతీ ఆంటీ పైకి వచ్చి, చెవులు మూసుకుని — "ఆ శూ కరో ఛో?" ఏం చేస్తున్నామో నేనే చెప్పాను, గట్టిగా అరిచి. ఆమె వెళ్ళలేదు. నిలబడి చూసింది.

కోత సూటిగా వచ్చింది. ముక్క విడిపోయింది! చప్పట్లు కొట్టాను.

కింద పాత సిమెంటు వదలడం లేదని మిస్త్రీ గునపం మిగిలిన బండకు ఆనించి ఎత్తాడు. అప్పుడు — టక్. చిన్న చప్పుడే. సింకు ముందున్న పట్టీ అడ్డంగా పగిలింది. మా ఆయన చెంబు కింద పెట్టేశాడు. పగులు మీద వేలితో రాశాడు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు.

"చెప్పిన గదా." గట్టిగా కూడా అనలేదు.

మిస్త్రీ రెండు జిగుర్లు కలిపి అతికిస్తానన్నాడు, నల్లరంగు కలిపితే కనబడదన్నాడు. నేను పగులు చూస్తున్నాను... చూస్తున్నాను...

"సింకు గూడ దింపుతే?"

అందరూ నా వైపు తిరిగారు. ఎట్లాగూ పగిలింది. ఆ ముక్కా కోసి, అదే ఎత్తుకు దింపి, నీళ్ళు పోయే పైపును గోడ వైపు జరిపితే మోకాళ్ళకు చోటు దొరుకుతుంది. గిన్నెలూ నేనే కడుక్కోవచ్చు! అడగడానికి మొదట ధైర్యం చాలలేదు గానీ, నాకు కావలసింది అసలు అదే.

మిస్త్రీ తల గోక్కున్నాడు. వంగి పైపు చూశాడు. "హో జాయేగా." అవుతుందట!

అప్పుడు అత్తమ్మ, గుమ్మంలో నుంచి — "మొత్తం కిందికే పోతే నేనేడ నిలబడాలె? నా నడుం వంగుతదా?"

నిజమే కదా. ఆమె కింది గట్టు మీద వంగి వండలేదు.

"పొయ్యికి సింకుకు నడిమిది అట్లనే ఉంటది అత్తమ్మా. అది నీది. పాత ఎత్తే."

ఆమె లోపలికి వచ్చింది. మధ్య ముక్క మీద బురదను కొంగుతో తుడిచింది.

అక్టోబర్ 20

జిగురు ఆరాలి. ముట్టుకోవద్దు. ముట్టుకున్నాను. వేలికి నల్లటి మచ్చ.

అక్టోబర్ 22

కుర్చీ దూరింది. మోకాళ్ళు దూరాయి. ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో తెలియదు. మా ఆయన వంగి అతుకుల మీద చెయ్యి రాసి చూశాడు. "తెలుస్తలేదు," అన్నాడు. తెలుస్తోంది. ఇద్దరికీ తెలుసు.

అక్టోబర్ 23

జొన్నరొట్టె!

పిండి బండ మీద వేసి అరచేత్తో తడుతుంటే ఆ చప్పుడు... ఎన్నాళ్ళయింది. మొదటిది విరిగింది. రెండోది వంకర. మూడోది పొంగింది, పెనం మీద గుండ్రంగా, చిల్లు లేకుండా. మా ఆయన పళ్ళెం పట్టుకుని నిలబడే తిన్నాడు. తిన్న గిన్నెలు నేనే కడిగాను. కావాలని మెల్లగా కడిగాను. నీళ్ళు ఒళ్ళో పడ్డాయి, పడనీ.

అత్తమ్మ ఒక రొట్టె చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. "అంచు మందమయింది." తిని, ఇంకొకటి వేసుకుంది.

అక్టోబర్ 24

సద్దుల బతుకమ్మ. ఈసారి గుంపులు వద్దన్నారు, మేడ మీద నాలుగిళ్ళ వాళ్ళమే. కానీ నైవేద్యం సద్దులు మాత్రం మానలేదు. నేను కింది గట్టు దగ్గర నువ్వులు వేయించాను. అత్తమ్మ నడిమి గట్టు దగ్గర నిలబడి అన్నం చల్లార్చి చింతపండు కలిపింది. మోచేతులు తగిలాయి చాలాసార్లు. "జర జరుగు." "నువ్వు జరుగు అత్తమ్మా." నువ్వులు మాడబోతుంటే ఆమె పైనుంచి చెయ్యి చాచి మంట తగ్గించింది. నేను కింది నుంచి ఆమె గిన్నెలో ఉప్పు వేశాను, అడగకుండానే. ఇద్దరం ఒకరినొకరం తిట్టుకుంటూ నవ్వాం. రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద ముందు నా నోట్లో పెట్టింది.

అక్టోబర్ 26

పొద్దున లేచేసరికి పొయ్యి నడిమి గట్టు మీద ఉంది. అత్తమ్మ టీ మరిగిస్తోంది. నాకు అందదు. మధ్యాహ్నం మా ఆయనతో పొయ్యి కిందికి దింపించాను, కూర వండాను. సాయంత్రానికి మళ్ళీ పైన!

ఆయన పాళీకి బయలుదేరుతూ గ్యాసు పైపు విప్పి, పొయ్యి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"నేను పోయినంక మల్ల మల్ల జరుపుడు కాదు. ఇప్పుడే చెప్పున్రి. ఏడ పెట్టాలె?"

"ఈడ," అన్నాను నా బండ మీద అరచెయ్యి వేసి.

"ఈడ," అంది అత్తమ్మ అదే క్షణంలో, తన బండ మీద అరచెయ్యి వేసి.

ఆయన మా ఇద్దరినీ చూశాడు. మేమిద్దరం ఆయన్ని చూశాం. ఎవరమూ చెయ్యి తియ్యలేదు.