నీడ గెలిచిందా, నువ్వు గెలిచావా

బావా,

బాగున్నావా అని అడగడం అలవాటు... ఇప్పుడెలా అడగను? నువ్వు పోయి రెండు నెలలు దాటింది. మెదక్‌లో వానలు మొదలయ్యాయి. అక్క మా ఇంట్లోనే ఉంది. తింటోంది, మాట్లాడుతోంది... అన్నీ నీ గురించే.

నా గురించి ఎవరు మాట్లాడతారులే.

పేపర్లో నీ ఫోటో ఎంత పెద్దది వేశారో. మాజీ మంత్రి, గవర్నర్, ప్రజల మనిషి అని రాశారు. తొలి టికెట్ నీకెలా వచ్చిందో మాత్రం ఒక్క ముక్క లేదు. రాస్తే అందులో నా పేరూ రావాలి కదా?

మనిద్దరిలో టికెట్ ఎవరికివ్వాలో కార్యకర్తలే తేల్చాలని పార్టీ హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషిని పంపింది. రైస్ మిల్లు ఆవరణ, నడి ఎండాకాలం. చేతులెత్తితే లెక్క తప్పుతుందని, నీవాళ్ళను ఒక పక్క, నావాళ్ళను ఒక పక్క నిలబడమన్నాడాయన. నీకు చింతచెట్టు పక్క వచ్చింది. నాకు వడ్లు ఆరబోసే గచ్చు. కాళ్ళు కాలిపోతున్నా జనం చెరిసగంగానే నిలబడ్డారు. అప్పుడు నువ్వు నవ్వుతూ అన్నావు... "ఎండల నిలబడి సస్తరా ఏంది, జర ఇటు రండ్రి."

టేక్మాల్ నుంచి వచ్చిన ఒక ముసలాయన నా పక్క నుంచి నీ నీడలోకి కదిలాడు. ఆయన వెనక ఇంకొందరు. పెద్దమనిషి వెంటనే లెక్కపెట్టి నీ పేరు చదివేశాడు.

గెలిచింది నీడ, నువ్వు కాదు అని ఎంత మొత్తుకున్నా ఎవరు విన్నారు? హైదరాబాదు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. చూస్తామన్నారు. వాళ్ళు చూసేలోగా నువ్వు ఎమ్మెల్యేవి అయిపోయావు. తర్వాత మంత్రివి. ఆ తర్వాత ఎక్కడో దూరపు రాష్ట్రానికి గవర్నర్‌వి. నేనిక్కడ ఎరువుల దుకాణంలో కూర్చుని, నువ్వెక్కిన ప్రతి మెట్టూ నాదేననుకుంటూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇప్పుడు దాపరికం దేనికి? మా అమ్మ కూడా నీ విస్తరిలోనే ముందు నెయ్యి వేసేది. అల్లుడివి కదా!

రాజ్‌భవన్‌కు వచ్చినప్పుడు తలపాగా కట్టిన మనిషి నాకు వెండి పళ్ళెంలో చాయ్ తెచ్చాడు. ఆ చాయ్ తాగకుండా పక్కన పెట్టేశాను. నువ్వు కనిపెట్టి భుజం మీద చెయ్యి వేశావు. "ఏందిర బామ్మర్ది, గా చింతచెట్టు సంగతి ఇంక మర్వలేదా?" అన్నావు. ఎలా మరచిపోతాను? ఆ రోజు ముసలివాళ్ళ మీద జాలితో పిలిచావా, ఓట్ల కోసమా? అది అడుగుదామనే అంత దూరం వచ్చాను. అడగలేక తిరిగొచ్చాను.

మొన్న బడి మైదానంలో నీ సంతాప సభ పెట్టారు. నన్నూ మాట్లాడమన్నారు. నాలుగు మంచి మాటలు చెప్పి, చివర్లో ఆ చెట్టు సంగతి కూడా అనేద్దామని గట్టిగా అనుకున్నాను. మైకు నా చేతికి రాకముందే వాన దంచింది. పక్కనే బడి వరండా. ఇక చూడు, నీ జనం ఎలా పరిగెత్తుతారో అనుకుంటూ... ముందు నేనే ఎక్కి నిలబడ్డాను.

ఎవరూ రాలేదు బావా.

ఎల్దుర్తి, శంకరంపేట రైతులు తలమీద తువ్వాళ్ళు కప్పుకొని ఉన్నచోటే ఉన్నారు. చర్చి బడి టీచరమ్మలు కొంగులు నెత్తిన వేసుకున్నారు. అక్క ముందు వరసలో తడుస్తూ కూర్చుంది. అంత వరండాలో నేనొక్కణ్ణే పొడిగా ఉన్నాను. ఈసారి లెక్కపెట్టడానికి పెద్దమనిషి అక్కర్లేకపోయింది.

సిగ్గేసింది. మెట్లు దిగి అక్క పక్కన కూర్చున్నాను.

ఆ ఫిర్యాదు ఇక నా నోట రాదు, మాట ఇస్తున్నాను. కానీ కుళ్ళు పోయిందనుకోకు. ఇన్నాళ్ళూ నా సీటు కొట్టేశావని ఏడ్చాను, అందులో కొంచెం ఓదార్పు ఉండేది. ఆ సీటు నాది కానే కాదని ఇప్పుడు తెలిసింది. నేను పోతే ఎవరు తడుస్తారు బావా?

నీ బామ్మర్ది